గేర్ కేబుల్ మార్పు: పట్టేసిన నట్ల పని, రోజువారీ లెక్క

బోటు: 32 అడుగుల ఫైబర్ బోటు, విశాఖ ఫిషింగ్ హార్బరు. ఒకటే డీజిల్ ఇంజను, హైడ్రాలిక్ గేర్ బాక్సు. స్టీరింగు పక్కన ఒకే లివరు, గేరుకీ రేసుకీ అదే. అక్కణ్ణుంచి ఇంజను గుంటలోకి రెండు పుష్-పుల్ కేబుళ్లు (లోపలి తీగ నెట్టినా లాగినా పనిచేసేవి), రెండూ 33సి రకం. రెండూ మార్చాలి. కేబుల్ మార్చడం ఒక పూట పని. మిగతా రోజులన్నీ పట్టేసిన నట్లూ పిన్నులూ తింటాయి కాబట్టి ఈ లెక్కంతా వాటిదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది గనక తొందర లేదు. ఇలాంటి పనిలో తొందర లేకపోవడం సగం పనిముట్టు.

మే 6

సరంగు ఫిర్యాదు రెండు ముక్కలు: లివరు బరువుగా ఉంది, రివర్సు సగమే పడుతోంది.

బరువు లివరు పెట్టెలో ఉందా, కేబుల్లో ఉందా, గేర్ బాక్సులోనా అన్నది ముందు తేలాలి. మామూలుగా అయితే గేర్ బాక్సు దగ్గర కేబుల్ ఊడదీసి, గేర్ బాక్సు మీదే ఉండే చిన్న గేరు లివరుని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే సరిపోతుంది. ఇక్కడ ఊడదీయాల్సిన బాల్ జాయింటే, అంటే కేబుల్ రాడ్డుని గేరు లివరుకి కలిపే బంతి కీలే కదల్లేదు. అందుకని చేపలు తూచే స్ప్రింగ్ కాటా లివరు తలకి తగిలించి లాగి చూశాం. న్యూట్రల్ నుంచి ఫార్వర్డుకి 9 కిలోలు, రివర్సుకి 11. ఒకరు పైన లాగుతుంటే ఇంకొకరు కింద టార్చి వేసి చూశారు. లివరు రెండంగుళాలు కదిలాక గానీ కింద రాడ్డు కదలడం మొదలుకాలేదు. ఆ లోపు కేబుల్ మొత్తం గోడ మీద పాములా వంపు తిరిగింది. జబ్బు కేబుల్‌దే.

గేర్ బాక్సు వైపు కేబుల్ మెడ దగ్గర నల్ల జాకెట్ చీలి, చీలికలోంచి గోధుమ రంగు చార కారి ఎండింది. ఉప్పునీరు లోపలికి దిగి తీగ తుప్పుపట్టి ఉబ్బిందని అర్థం. ఈ స్థితిలో నూనె పోసి నెట్టుకురావచ్చని చాలామంది అంటారు. వారం పది రోజులు తేలిగ్గా ఆడుతుంది కూడా. కానీ లోపలి ప్లాస్టిక్ గొట్టం అప్పటికే గీసుకుపోయి ఉంటుంది, బరువు మళ్లీ వస్తుంది. పైగా హైడ్రాలిక్ గేరు సగం పడి ఆగితే క్లచ్ ప్లేట్లు జారుతూ వేడెక్కుతాయి. కేబుల్ మీద మిగిల్చిన డబ్బు ప్లేట్ల దగ్గర పోతుంది. ఒకటి పోతే రెండూ మార్చడమే మంచిది. రేసు కేబుల్ కూడా అదే వయసుది, అదే నీళ్లలో ఉన్నది.

మే 7

విప్పే ముందు కొలతలు. పాత కేబుల్ కోసేశాక కొలవడానికి ఏమీ మిగలదు.

లివరు న్యూట్రల్‌లో పెట్టి రెండు చివర్లా ఫోటోలు తీశాం. గేరు లివరుకున్న రంధ్రాల్లో కేబుల్ బయటిదాంట్లో ఉంది. బాల్ జాయింటు వదులవకుండా రాడ్డు మీద బిగించే చెక్ నట్టుకి బయట కనిపించే థ్రెడ్డు 14 మి.మీ. బ్రాకెట్టులో కేబుల్ మెడ పట్టిన క్లాంపు నుంచి బాల్ మధ్యకి 142 మి.మీ. ఈ అంకెలు మార్కరుతో ఇంజను గుంట గోడ మీదే రాశాం. కాగితమైతే నూనె తాగుతుంది.

పొడవు: 33సి కేబుల్ పొడవు ఒక కొస నుంచి ఇంకో కొసకి అడుగుల్లో లెక్క. చాలా తయారీదారులు జాకెట్ మీద భాగం నంబరు చివరి రెండంకెల్లో ఆ పొడవు ముద్రిస్తారు. ఇక్కడ 16 అని చదవగలిగాం. టేపుతో దారంతా కొలిస్తే 15 అడుగుల 8 అంగుళాలు. మధ్యలో పడితే పై అంకె తీసుకోవాలి. అలాగని రెండు మూడడుగులు ఎక్కువ తీసుకుంటే ఆ మిగులుకి ఎక్కడో చుట్ట పడుతుంది, చుట్ట అంటే బరువు.

తెప్పించినవి: 33సి కేబుళ్లు 16 అడుగులవి 2, స్టీలు బాల్ జాయింట్లు 2, 10-32 (అంగుళాల కొలత, అంగుళానికి 32 చుట్లు) చెక్ నట్లు 6, క్లాంపు సెట్లు 2, 2 మి.మీ. స్టీలు స్ప్లిట్ పిన్నులు 10, ఎం6 (6 మి.మీ. లావు) పొడవు 20 మి.మీ. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు 8, లానొలిన్ గ్రీజు ఒక ట్యూబు. నట్లూ పిన్నులూ లెక్కకన్నా ఎక్కువే ఉండాలి. ఇంజను గుంటలో జారిన చెక్ నట్టు మళ్లీ కనిపించదు.

మే 8

ఈ రోజు ఒక్క నట్టు కూడా తిప్పలేదు, అలా అనుకునే దిగాం. ముందు వేడి మంచినీళ్లు. నాలుగు లీటర్ల కెటిల్‌తో ప్రతి జాయింటు మీదా మూడు సార్లు పోసి బ్రష్షుతో రుద్దాం. నట్టు చుట్టూ గట్టిపడి ఉన్నది తుప్పు ఒక్కటే కాదు, సగం ఉప్పు. ఉప్పులోకి నూనె దిగదు, నీళ్లే దిగుతాయి. ఈ మెట్టు దాటేసి నేరుగా నూనె కొట్టేవాళ్లే ఎక్కువ, తర్వాత నూనె మంచిది కాదని తిడతారు.

గాలి కొట్టి ఆరబెట్టాక నూనె. డబ్ల్యూడీ-40 నీలం డబ్బా నీళ్లు తోలడానికి చేసిన సరుకు, పట్టు విప్పడంలో దాని బలం తక్కువ. ఎసిటోన్, ఆటోమేటిక్ గేర్ ఆయిల్ సమపాళ్లలో కలిపి వాడాం. రెండూ సరిగ్గా కలవవు, నిలబెడితే విడిపోతాయి. అందుకని ప్రతి చుక్కకీ ముందు సీసా బాగా కుదపాలి. మూత బిగుతుగా ఉండాలి, లేకపోతే ఎసిటోన్ ఎగిరిపోయి ఉత్త నూనె మిగులుతుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం జాయింటుకి నాలుగైదు చుక్కలు. మీటర్ల మీదున్న అక్రిలిక్ అద్దానికి ముందే పాలిథిన్ కప్పాం, ఎసిటోన్ తగిలితే అది వెంటనే తెల్లబారి పగుళ్లిస్తుంది.

బోటు మీద మంట వెలిగించకూడదన్నది ఈ పనికి పెట్టుకున్న కట్టు. అడుగున డీజిల్, చేతిలో ఎసిటోన్, పక్కన తాళ్లతో కట్టిన బోట్లు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బరులో పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. గ్యాస్ టార్చి, గ్రైండరు రెండూ గట్టు మీదే ఉంటాయి. బోటులో హాక్సా బ్లేడు, సోల్డరింగ్ ఐరను, అంతే. ఎసిటోన్ సీసా గట్టుకి చేరి గంట గడిచాక గానీ ఆ ఐరను ప్లగ్గు పెట్టరు.

మే 10

గేర్ బాక్సు చివర.

బాల్ జాయింటు స్టడ్డు పావు అంగుళం, అంగుళానికి 28 చుట్లు. లివరు వెనక దాని నట్టుకి పట్టే పానా 7/16 అంగుళం, అంటే 11.1 మి.మీ. మన పెట్టెల్లో ఉండే 11 నంబరు దీనికి ఎక్కదు, కొడితే ఎక్కి ఇరుక్కుంటుంది. 12 నంబరు వదులై మూలలు తినేస్తుంది. ఈ నట్టు మూలలు అప్పటికే సగం గుండ్రం అయి ఉన్నాయి, ఇంతకు ముందెవరో 12తో ప్రయత్నించారు. చెక్ నట్టుది 3/8 అంగుళం, 9.5 మి.మీ. దానికి 10 నంబరు పెడితే అదే కథ. అంగుళాల పానాలు ఈ రెండు సైజులైనా పెట్టెలో ఉండాలి.

మూలలు పోయిన నట్టుని వైస్ గ్రిప్‌తో తిప్పబోతే గేరు లివరు మొత్తం తిరగడం మొదలైంది. అక్కడే ఆపాం. ఈ పనిలో అసలు తీర్పు ఇక్కడే ఉంది. గేరు లివరు, దాని షాఫ్టు, షాఫ్టు చుట్టూ ఉన్న రబ్బరు సీలు బతకాలి. కేబుల్, బాల్ జాయింటు, నట్టు ఎలాగూ చెత్తబుట్టకే. చెత్తబుట్టకి పోయేదాన్ని కాపాడబోయి బతకాల్సినదాని మీద బలం పెట్టకూడదు. సుత్తి దెబ్బ లివరు మీద పడితే షాఫ్టు లోపలి గుంటలూ బంతీ దెబ్బతింటాయి, అప్పుడు న్యూట్రల్ ఎక్కడుందో చేతికి తెలియదు. లివరు విప్పి తీసేద్దామనే ఆలోచన కూడా మంచిది కాదు. షాఫ్టు మీద దాని కోణం ఒక్క పన్ను తప్పినా సర్దుబాటంతా తప్పుతుంది. తీయక తప్పకపోతే ముందు సెంటర్ పంచ్‌తో లివరు మీదా షాఫ్టు మీదా ఒకే గీటులో రెండు చుక్కలు కొట్టుకోవాలి.

అందుకని బాల్ మెడ కోసేశాం. చిన్న హాక్సా, అంగుళానికి 32 పళ్ల బ్లేడు, స్టీలు గనక నెమ్మదిగా, ప్రతి పది లాగుళ్లకి ఒక చుక్క నూనె. పదిహేను నిమిషాలు. కింద బనియన్ వేస్టు పరిచి పొడి పట్టాం. మెడ తెగగానే కేబుల్ విడిపోయింది, లివరు స్వేచ్ఛగా ఆడింది. చేత్తో తిప్పి చూస్తే ముందుకీ వెనక్కీ ‘టక్’మని పడుతోంది, గేర్ బాక్సులో దోషం లేదని ఇప్పుడు రూఢి అయింది.

మిగిలింది లివరులో స్టడ్డు ముక్క, వెనక నట్టు. ఇప్పుడు చోటు దొరికింది. నట్టు రెండు చదును పక్కల్ని ఎదురెదురుగా బ్లేడుతో థ్రెడ్డు తగిలే దాకా కోసి, సన్న ఉలి గాట్లో పెట్టి లివరు వెనక బరువైన ఇనుప దిమ్మ ఆనించి ఒక్క దెబ్బ. దిమ్మ దెబ్బని తాగుతుంది, షాఫ్టు దాకా పోనివ్వదు. నట్టు రెండు చెక్కలైంది. లివరు రంధ్రానికి గీత కూడా పడలేదు.

బ్రాకెట్టు మామూలు ఇనుము, గేర్ బాక్సుకి రెండు ఎం8 బోల్టులు. ఇవి నూనెలో నానిన చోట ఉన్నాయి, రెండూ మర్యాదగా వచ్చాయి. కేబుల్ మెడ పట్టిన క్లాంపు స్క్రూలు మాత్రం తుప్పు ముద్దలు. గుంటలో తల కిందులుగా పడుకుని వాటితో పోరాడకుండా, కేబుల్‌ని బ్రాకెట్టుకి ఒక జానెడు అవతల కోసి, బ్రాకెట్టుని ముక్కతో సహా గట్టుకి తెచ్చాం. వైస్‌లో బిగిస్తే అదే పని పది నిమిషాల్లో తేలుతుంది. ఇనుము మీద ఇనుము పట్టినప్పుడు నూనెకన్నా మంట మేలు: స్క్రూ చుట్టూ ఎర్రబడే దాకా కాల్చి, కాస్త చల్లారాక కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి సందులోకి పీల్చుకుంటుంది. ఒకటి అలా వచ్చింది. రెండోది విరిగింది.

విరిగినదాని కోసం డ్రిల్లు బయటికి తీయలేదు. బ్రాకెట్టు అప్పటికే సగం పలచబడింది, దాన్నే నమూనాగా గాజువాక ఆటోనగర్‌కి పంపి 316 స్టీలు 5 మి.మీ. ప్లేటులో కొత్తది చేయిస్తున్నాం. మూలలో ముక్కోణపు పట్టీ వెల్డింగు తప్పనిసరి. బ్రాకెట్టు ఒక మిల్లీమీటరు వంగితే కేబుల్ ఒక మిల్లీమీటరు తక్కువ నెట్టినట్టే.

మే 12

లివరు పెట్టె. కష్టమంతా ఇక్కడుంది.

పెట్టె అల్యూమినియం పోత, బిగించినవి స్టీలు స్క్రూలు. ఉప్పుగాలిలో ఈ జంట పడదు. రెండు లోహాలూ ఉప్పునీటితో కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, తినబడేది అల్యూమినియం. స్క్రూ చుట్టూ తెల్లపొడి అందుకే. ఆ పొడి పుట్టిన లోహంకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, స్క్రూని పిడికిలి పట్టినట్టు బిగిస్తుంది. నూనె ఆ పొడిని కరిగించదు, ఒరిపిడి తగ్గిస్తుందంతే.

ఇక్కడ ఆయుధం వేడి. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు 16. లెక్కేస్తే 6 మి.మీ. రంధ్రంలో 100 డిగ్రీలకి వచ్చే సందు నాలుగు మైక్రాన్లు, ఏమంత కాదు. కానీ వేడెక్కి చల్లారే కదలిక ఆ గట్టి పొడి పొరని పగలగొడుతుంది. అందుకే ఒకేసారి బాగా కాల్చడంకన్నా మూడు సార్లు వేడి చేసి చల్లార్చడం మేలు. హాట్ ఎయిర్ గన్ను ఇక్కడ పనికిరాదు, కింద పాలియెస్టర్ ఫైబర్ 60, 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. 100 వాట్ల సోల్డరింగ్ ఐరను మొన నేరుగా స్క్రూ తల మీద ఐదు నిమిషాలు, పూర్తిగా చల్లారనివ్వడం, మళ్లీ ఐదు నిమిషాలు. మూడు విడతల తర్వాత ఇంపాక్ట్ డ్రైవరు (దెబ్బ పడితే తిరిగే స్క్రూడ్రైవరు) పెట్టి సుత్తితో కొట్టాం. డ్రైవరు మొనకి వాల్వులు రుద్దే పేస్టు కాస్త రాస్తే స్క్రూ గాడిలో జారదు.

మూడు స్క్రూలకి రెండు వచ్చాయి. మూడోది తల తెగింది. తల పోగానే పెట్టె పైకి లేచేసింది కాబట్టి తక్షణం నష్టం లేదు, మొండెం పోతలో మిగిలింది.

పెట్టె తిరగేశాక లోపల కేబుల్ చివర కనిపించింది. ఇత్తడి గుండు 10-32 రాడ్డు మీద బిగించి ఉంది, దాన్ని లివరు లోపలి ఆర్మ్‌కి పట్టి ఉంచిన స్ప్లిట్ పిన్ను తుప్పుతో రంధ్రంలో కలిసిపోయింది. కొక్కెంతో లాగితే పిన్ను తల రాలింది. 1.5 మి.మీ. డ్రిల్లుతో మిగిలిన ముక్కని తొలిచాం, పిన్ను మెత్తని ఇనుము గనక వెళ్తుంది. ఇత్తడి గుండు రంగు పసుపు కాదు, లేత గులాబీ. ఇత్తడిలోంచి జింకు ఉప్పునీటికి పోయి ఉత్త రాగి స్పంజిలా మిగిలితే ఈ రంగొస్తుంది. గోరుతో గీకితే పొడి రాలింది. ఇలాంటి గుండు బయటికి బాగున్నట్టు కనిపించి, ఏదో ఒక రోజు జెట్టీ ముందు రివర్సు లాగినప్పుడు చీలుతుంది. కొత్త గుండు వేయాలి, రంగు మారినదాన్ని రాడ్డు మీంచి తిప్పి తీసే శ్రమ కూడా వద్దు, కోసేయాలి.

మే 13

తెగిన మొండెం, ఎం6.

ఈజీ-అవుట్ (విరిగిన బోల్టులో తొలిచిన రంధ్రంలోకి దించి వెనక్కి తిప్పే పనిముట్టు) వాడలేదు. మొండెం తల తెగేంత పట్టు ఉన్న చోట, అంతకన్నా సన్నని ఈజీ-అవుట్ కూడా తెగుతుంది. అది గట్టి ఉక్కు, తర్వాత ఏ డ్రిల్లూ దాన్ని తొలవదు. ముందు ఆకురాయితో మొండెం పైభాగం చదును చేశాం. సెంటర్ పంచ్ నడిమధ్యలో పడటం ముఖ్యం, ఇక్కడ అర మిల్లీమీటరు తప్పితే డ్రిల్లు మెత్తని అల్యూమినియం వైపు జారిపోతుంది. కోబాల్ట్ ఎడమచేతి డ్రిల్లు 3 మి.మీ., డ్రిల్లింగ్ మెషీను రివర్సులో. ఎడమచేతి డ్రిల్లు తొలుస్తూనే విప్పే దిక్కున లాగుతుంది కాబట్టి ఒక్కోసారి మొండెం దానికదే తిరిగి వస్తుంది. ఇది రాలేదు.

స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో జరిగే తప్పు ఒకటే: వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ. డ్రిల్లు కోయకుండా రుద్దితే ఆ చోటు గట్టిపడి అద్దంలా మెరుస్తుంది, ఆ తర్వాత కొత్త డ్రిల్లు కూడా దిగదు. 5 మి.మీ. డ్రిల్లుకి నిమిషానికి 600 చుట్లు దాటకుండా, గట్టిగా అదిమి, నూనె పోస్తూ, పొడి కాకుండా చుట్టలు వస్తున్నాయో లేదో చూస్తూ తొలిచాం. 5 మి.మీ. దాకా వెళ్లాక థ్రెడ్డు చుట్ట సన్న తీగలా మిగలాలి, సూది మొనతో పీకితే రావాలి. మధ్య కొంచెం తప్పింది, ఒక పక్క థ్రెడ్డు పోయింది. కాబట్టి పోయిన థ్రెడ్డు బదులు కూర్చోబెట్టే తీగ చుట్ట, హెలికాయిల్: 6.3 మి.మీ. డ్రిల్లు, థ్రెడ్డు కోసే దాని సొంత ట్యాపు, 9 మి.మీ. పొడవు స్టీలు చుట్ట. పోత అల్యూమినియంలో అసలు థ్రెడ్డుకన్నా ఇదే గట్టిది. మిగిలిన రెండింటికీ కూడా వేసేశాం, పెట్టె ఎలాగూ వైస్‌లోనే ఉంది.

మే 15

పాత కేబుల్ బయటికి. పైన గుండు కోసేశాక ఆ కొసకి 4 మి.మీ. నైలాన్ తాడు కట్టి, ముడి మీద టేపు మొనలా చుట్టి, ఇంజను వైపు నుంచి లాగాం. మధ్యలో ఆగింది. గోడ వెనక ఎప్పటిదో ఒక క్లిప్పు. బలవంతంగా లాగితే తాడు ఊడి దారి పోతుంది. ప్యానెల్ తెరిచి క్లిప్పు తీశాకే లాగాం. తాడు మిగిలింది, అదే రేపు కొత్త కేబుల్‌కి దారి.

ఆటోనగర్ నుంచి బ్రాకెట్టు వచ్చింది. రంధ్రాలు సరిపోయాయి.

మే 17

కొత్తవి బిగించడం. ఒక హెచ్చరిక. 10-32 చెక్ నట్టు దొరక్కపోతే చాలామంది ఎం5 నట్టు వేస్తారు, చక్కగా ఎక్కుతుంది కూడా. 10-32 చుట్టు దూరం 0.794 మి.మీ., ఎం5ది 0.8. తేడా చేతికి తెలియదు. కానీ రాడ్డు లావు 4.83, ఎం5 నట్టు పుట్టింది 5 మి.మీ. కోసం. థ్రెడ్డు పైపైనే పట్టుకుంటుంది, గట్టిగా బిగించగానే జారుతుంది. పరీక్ష తేలిక: నాలుగు చుట్లు ఎక్కించి నట్టుని పక్కలకి ఆడించండి, ఊగితే అది ఎం5.

వంపు ఎక్కడా 200 మి.మీ. వ్యాసార్ధంకన్నా తక్కువ కాకుండా కేబుళ్లు పరిచాం. రెండు చివర్లా మొదటి క్లిప్పు వదులుగానే ఉంచాలి, మెడ కొద్దిగా ఊగాలి.

సర్దుబాటు: పైన లివరు న్యూట్రల్, కింద లివరు న్యూట్రల్, కేబుల్ రాడ్డు తన 76 మి.మీ. ప్రయాణంలో సరిగ్గా మధ్యలో. బాల్ జాయింటు రాడ్డు మీద కనీసం 8 మి.మీ. ఎక్కాలి, అంటే పది చుట్లు. ఎన్ని చుట్లు ఎక్కిందో లెక్కపెట్టి గోడ మీద రాశాం: 12. తర్వాత పైనుంచి ఫార్వర్డు వేసి, కింద బాల్ జాయింటు ఊడదీసి, గేరు లివరు ఇంకా ముందుకి పోతుందా అని చేత్తో నెట్టి చూడాలి. పోతే కేబుల్ పూర్తిగా నెట్టడం లేదన్నమాట. ఫార్వర్డు సరిగ్గా ఉంది. రివర్సులో ఒకటిన్నర మి.మీ. మిగిలింది. బాల్ జాయింటు రెండు చుట్లు విప్పాక రెండు వైపులా లివరు ఆఖరికి ఆనింది. పది చుట్లు ఇంకా పట్టే ఉన్నాయి, గోడ మీద 12 కొట్టేసి 10 రాశాం.

ప్రతి స్టీలు స్క్రూకీ, అల్యూమినియంలోకి పోయేవాటికి ముఖ్యంగా, లానొలిన్ గ్రీజు. రాగి పొడి ఉన్న యాంటీ-సీజ్ (థ్రెడ్డు పట్టేయకుండా రాసే పేస్టు) ఇక్కడ వద్దు. రాగి, అల్యూమినియం, ఉప్పునీరు కలిస్తే స్టీలుకన్నా వేగంగా తింటుంది. ఎం6 బోల్టులు 8 న్యూటన్ మీటర్లు.

మే 18

కాటా మళ్లీ తగిలించాం: ఫార్వర్డుకి రెండున్నర కిలోలు, రివర్సుకి మూడు. బోటు ముందూ వెనకా తాళ్లతో జెట్టీకి కట్టి, ఇంజను వేసి ఐడిల్‌లో ఇరవై సార్లు గేరు మార్చాం. ప్రతిసారీ ఒక సెకను లోపే పట్టింది, న్యూట్రల్‌లో షాఫ్టు నిలబడింది. పది నిమిషాల తర్వాత చెక్ నట్లు మళ్లీ తాకి చూస్తే రేసు వైపుది పావు చుట్టు వదులు. బిగించాం.

మిగిలిన పని: జాకెట్ గోడ దాటే చోట రబ్బరు బుష్ లేదు, వేయాలి. పాత చీలిక మొదలైంది అక్కడికి ఒక మూరెడు అవతలే.